చెడ్డ ఏడాది లెక్క



ఈ పూట మన నాటు పశువుల గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా రెండింటి గురించి. ఒకటి తెలంగాణ మెట్ట నేలల్లో తిరిగే నల్ల గొర్రె. దాన్నే దక్కనీ గొర్రె అంటారు. రెండోది గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు పారే సీమలో పుట్టిన ఒంగోలు జాతి. చిన్న కాపరి మందలో నల్ల గొర్రె తగ్గిపోతోంది. చిన్న రైతు కొట్టంలో ఒంగోలు ఆవు, ఒంగోలు ఎద్దు తగ్గిపోతున్నాయి. ఎందుకు తగ్గుతున్నాయి? పోతే పోనీ అని ఊరుకోవచ్చా? నిలుపుకోవాలంటే ఏం చేయాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుదాం. నేను చెప్పదలచిన మాట ముందే చెప్పేస్తాను. దయచేసి చివరి దాకా మనసులో ఉంచుకోండి. చిన్న రైతు పశువుకు విలువ కట్టేటప్పుడు మంచి ఏడాది లెక్క ఒక్కటే చూస్తే చాలదు. చెడ్డ ఏడాది లెక్క కూడా వేయాలి. వాన ముఖం చాటేసిన ఏడాది, మేత దొరకని ఏడాది, రోగం ఊరి మీద పడ్డ ఏడాది. ఆ ఏడాది గడిచాక చేతిలో ఏం మిగిలింది? కొట్టంలో ఎన్ని తలలు మిగిలాయి? అప్పు ఎంత మిగిలింది? ఈ లెక్క వేసి చూస్తే నాటు జాతి విలువ మరోలా కనిపిస్తుంది.

ముందు దక్కనీ గొర్రె దగ్గరికి వెళ్దాం. మెదక్, మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు మెట్ట భూములను ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. రాతి నేల. తుమ్మ చెట్లు. అక్కడక్కడ గడ్డి. ఎండాకాలం వస్తే ఆ గడ్డీ మాడిపోతుంది. చలికాలం రాత్రిళ్లు వణికిస్తాయి. వానాకాలంలో జడివాన పట్టినా మంద బయటే ఉండాలి. చాలా మందలకు కప్పు ఉండదు. ఇలాంటి చోట కురుమలు, గొల్లలు తరతరాలుగా పెంచుకొచ్చిన గొర్రె ఇది. సరిహద్దు దాటితే కర్ణాటకలో కురుబలు, మహారాష్ట్రలో ధన్‌గర్లు పెంచేదీ ఈ జాతినే. ఒళ్లంతా ముతక ఉన్ని. ఎక్కువగా నలుపు రంగు. పెద్ద ఎత్తు ఉండదు. పెద్ద బరువు కూడా తూగదు. కానీ పొద్దుట నుంచి పొద్దుగూకే దాకా నడుస్తుంది. కోత అయిన చేలో మోళ్లు కొరుక్కుంటుంది, రాలిన తుమ్మకాయలు ఏరుకుంటుంది, వాటితోనే కడుపు నింపుకుంటుంది. దాని ఒంటి మీది ఉన్ని వాన నీటిని తొందరగా చర్మం దాకా దిగనివ్వదు. రాత్రి చలిని ఆపుతుంది. ఈ గుణాలు ఎవరో కూర్చుని దిద్దినవి కావు. ఆ ఎండలో, ఆ వానలో, ఆ మేతతో తట్టుకున్న గొర్రెలే పిల్లలను కన్నాయి. ఆ పిల్లల్లో మంచి పొట్టేలును కాపరి ఎంచి మందలో ఉంచుకున్నాడు. నేల ఒకసారి వడపోసింది. కాపరి మరోసారి వడపోశాడు. ఈ రెండు వడపోతల్లో నిలిచిందే జాతి.

ఈ గొర్రె చిన్న కుటుంబానికి ఏమేం ఇచ్చిందో చూడండి. ఏడాదికి రెండుసార్లు ఉన్ని ఇచ్చింది. ఆ ఉన్నిని ఇంట్లో ఆడవాళ్లు వడికారు. చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గం మీద గొంగడి నేశారు. ఆ గొంగడి వానకు, చలికి, ఎండకు, పడకకు పనికొచ్చింది. పెద్ద రైతులు కూడా కురుమల దగ్గర గొంగళ్లు కొనుక్కునేవారు. ఇక ఎరువు సంగతి. రాత్రిపూట చేలో మంద కడితే గొర్రెల పెంటిక, మూత్రం నేరుగా నేలలో పడతాయి. మంద కట్టినందుకు రైతు కాపరికి గింజలో డబ్బో ఇస్తాడు. ఈ ఆనవాయితీ ఇప్పటికీ చాలా ఊళ్లలో ఉంది. తర్వాత పిల్లలు. అవసరం వచ్చినప్పుడు ఒక పిల్లను సంతకు తోలితే చదువు ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో అక్కరకొస్తుంది. ఆ కుటుంబాల కొలుపు కూడా ఈ గొర్రె చుట్టూనే అల్లుకుంది. బీరప్ప, కొమురవెల్లి మల్లన్న కథలు చెప్పే ఒగ్గు కళాకారులు మందల వెంట బతికిన జనం మధ్య నుంచి వచ్చినవారే. ఉన్ని, ఎరువు, పిల్లలు. ఈ మూడూ గుర్తుంచుకోండి. నల్ల గొర్రెకు మూడు పనులు ఉండేవి. మూడు రాబడులు ఉండేవి.

మరి ఎక్కడ చెడింది? మొదట ఉన్ని పోయింది. మిల్లు దుప్పట్లు వచ్చాయి. రసాయన నూలు కంబళ్లు వచ్చాయి. వానకోట్లు వచ్చాయి. ముతక ఉన్నికి ధర పడిపోయింది. ఇప్పుడు చాలా చోట్ల కత్తిరింపు కూలి కూడా ఉన్నితో రాదు. కాపరి చేతి డబ్బు పెట్టి కత్తిరించి, ఆ ఉన్నిని పారేస్తున్నాడు. అలా మూడు రాబడుల్లో ఒకటి పోగానే గొర్రెకు మాంసం ఒక్కటే కొలత అయిపోయింది. మాంసమే కొలత అయితే ఎత్తుగా, బరువుగా ఉండే నెల్లూరు గొర్రె ముందుకొస్తుంది. నెల్లూరు గొర్రె తక్కువదని నేను అనడం లేదు. అది కూడా మన సొంత జాతే. దేశంలోని ఎత్తైన గొర్రెల్లో ఒకటి. పల్ల, జోడిపి, దొర అని అందులో మూడు రకాలు ఉన్నాయి. కోస్తా వేడికి అది చక్కగా సరిపోయింది. ఉన్ని లేని పొట్టి వెంట్రుకల ఒళ్లు దానిది. కానీ తెలంగాణ మెట్టలో కాపరి ఏం చేశాడు? తన నల్ల గొర్రెల మందలోకి ఒక నెల్లూరు పొట్టేలును తెచ్చి వదిలాడు. ఒక్క పొట్టేలు పాతిక, ముప్పై గొర్రెలకు సరిపోతుంది. మొదటి కాన్పులో పిల్లలు సగం నెల్లూరు. మళ్లీ నెల్లూరు పొట్టేలే అయితే రెండో తరానికి ముప్పాతిక నెల్లూరు. ఇంకో తరం గడిస్తే నల్ల గొర్రె ఆనవాలు ఎక్కడో ఒక మచ్చగా మిగులుతుంది. పదేళ్లలో వందల ఏళ్ల జాతి ఒక మందలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. ఏ గొర్రెనూ ఎవరూ చంపలేదు. మందలో తల ఒక్కటి తగ్గలేదు. జాతి మాత్రం పోయింది.

ఈ మాట మళ్లీ చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. తలల లెక్క పెరిగినంత మాత్రాన జాతి నిలిచినట్టు కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమ కుటుంబాలకు పెద్ద ఎత్తున గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఒక్కో కుటుంబానికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. ధరలో ముప్పాతిక వంతు ప్రభుత్వం భరించింది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. చేతికి ఆస్తి అందింది కనుక అది పేద కుటుంబాలకు కలిసొచ్చే ఆలోచనే. అయితే గొర్రెలను ఎక్కువగా బయటి రాష్ట్రాల సంతల నుంచి కొని తెచ్చారు. ఆ పొట్టేలు ఏ నేలలో పుట్టింది, ఏ మేతకు అలవాటు పడింది అన్న ప్రశ్న వెనకపడింది. ఇరవై ఒక్క తలలు అని రాసిన కాగితంలో జాతి పేరుకు కూడా ఒక గడి ఉండాలి. ఆ ఒక్క గడి ఉంటే ఇంత ఖర్చు నల్ల గొర్రెను నిలబెట్టడానికి కూడా పనికొచ్చేది.

ఇప్పుడు చెడ్డ ఏడాది లెక్కలోకి వద్దాం. మంచి ఏడాదిలో, మేత నిండుగా ఉన్నప్పుడు, సంతలో నెల్లూరు రకం పిల్లకు ఎక్కువ ధర పలుకుతుంది. ఇది నిజం. దీన్ని దాచిపెట్టి వాదించడం తప్పు. కానీ వానలు ఎక్కువైన ఏడాది చూడండి. బురదలో రోజుల తరబడి నిలబడ్డ మందలో గిట్టలు పుండ్లు పడతాయి. తడిసి ముద్దయి జలుబు చేసి పిల్లలు చస్తాయి. వానాకాలంలో నీలినాలుక రోగం వస్తుంది. ఈ రోగం ముందు ఏ జాతి గొర్రె అయినా బక్కచిక్కి ఉంటే నిలవడం కష్టం. వానలు లేని ఏడాది చూడండి. దూరం నడవాలి. నాసి మేత తినాలి. ఉన్ని ఉన్న నల్ల గొర్రె వానకు, చలికి, నడకకు ఎక్కువ ఓర్చుకుంటుందని మెట్ట ప్రాంతపు కాపరులు చెబుతారు. ఆ గొర్రె పుట్టి పెరిగిన తీరు చూస్తే ఈ మాటలో ఆశ్చర్యం ఏమీ లేదు. మన మెట్ట రైతు జొన్నలో కంది కలిపి ఎందుకు విత్తుతాడు? జొన్న దెబ్బతిన్నా కంది చేతికొస్తుందని. పశువు విషయంలోనూ అదే తెలివి కావాలి. పిల్లకు ఎక్కువ ధర పలికినా పది పుట్టి ఏడే బతికే మందా? పది పుట్టి తొమ్మిది బతికే మందా? ఒక్కో పిల్ల ధర ఒక్కటే చూసుకుంటే మొదటి మంద గెలుస్తుంది. అమ్మిన పిల్లలన్నిటి ధర కలిపి, మందుల ఖర్చు, మేత ఖర్చు తీసేసి చూస్తే ఆ గెలుపు చాలాసార్లు నిలవదు. ఇక్కడ నేను చెప్పిన అంకెలు ఉదాహరణకు మాత్రమే. అసలు అంకెలు ప్రతి కాపరి తన మందలోనే రాసుకోవాలి. నా వాదన అంతా ఆ లెక్క రాసుకోమనే.

ఇక ఒంగోలు జాతి. దీని కథ వేరే. పాఠం మాత్రం ఒకటే. ఒంగోలు, కందుకూరు ప్రాంతంలోని బరువైన నల్లరేగడిని లోతుగా దున్నడానికి బలమైన ఎద్దు కావాలి. ఆ ఎద్దును కనే ఆవు కావాలి. రైతులు జొన్న వేసి, గింజ తాము తిని, చొప్ప పశువుకు వేశారు. ఊరంతా కలిసి ఒక మంచి ఆబోతును వదిలేవారు. ఏ దూడను ఆబోతుగా ఎంచాలో పెద్దలు ఏళ్ల తరబడి చూసి తేల్చేవారు. ఇలా తయారైంది ఒంగోలు గిత్త. ఆ తర్వాత ట్రాక్టరు వచ్చింది. ఎద్దు పని పోయింది. ఎద్దు పని పోగానే కోడె దూడకు కొనేవాడు లేకుండా పోయాడు. కోడె దూడ అమ్ముడుపోకపోతే ఆవును పోషించడం రైతుకు గిట్టుబాటు కాదు. అదే సమయంలో జొన్న విస్తీర్ణం తగ్గింది. పొగాకు, పత్తి, మిరప పెరిగాయి. చాలా పొలాల్లో జామాయిల్, సుబాబుల్ తోటలు లేచాయి. బీళ్లు కరిగిపోయాయి. చొప్ప పోయింది, బీడు పోయింది, ఎద్దు పని పోయింది. నల్ల గొర్రెకు ఉన్ని పని పోయినట్టే ఒంగోలు జాతికి దుక్కి పని పోయింది. పని పోయిన జాతి నిలవదు. ఇదే ఈ ప్రసంగంలో రెండో ముఖ్యమైన మాట. పని ఉన్నంత కాలమే జాతి ఉంటుంది.

ఒంగోలు ఆవు స్థానంలోకి ఏమొచ్చాయి? గేదెలు వచ్చాయి. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు వచ్చాయి. ఇక్కడ మీలో చాలామందికి మనసులో ఒక ప్రశ్న లేచి ఉంటుంది. నాటు ఆవు రోజుకు రెండు, మూడు లీటర్లు ఇస్తుంది. సంకర ఆవు పది లీటర్లు, అంతకు మించి కూడా ఇస్తుంది. ఇంట్లో బియ్యం కొనాలి, పిల్లల్ని చదివించాలి. ఏ రైతు రెండు లీటర్లతో బతుకుతాడు? ఇది న్యాయమైన ప్రశ్న. సూటిగా జవాబు చెప్పాలి. బోరు నీళ్లుండి, పచ్చిమేత పెంచగలిగి, పాల కేంద్రం ఊళ్లోనే ఉండి, పశువైద్యుడు పిలిస్తే పలికే దూరంలో ఉన్న రైతుకు సంకర ఆవో, మంచి ముర్రా గేదో మేలు. ఆ రైతును నాటు ఆవు కొనుక్కోమని నేను అనను. కానీ నీళ్లు లేని రెండెకరాల మెట్ట రైతుకు కూడా అదే సలహా ఇచ్చారు. తప్పు అక్కడ జరిగింది. పది లీటర్లు ఇచ్చే ఆవు పది లీటర్లకు తగ్గ మేత అడుగుతుంది. దాణా కొనాలి. మే నెల ఎండకు రొప్పుతుంది. ఎద సరిగా బయటపడదు, చూడి కట్టడం ఆలస్యమవుతుంది. పిడుదులు పట్టి థైలేరియా జ్వరం వస్తే మందుల ఖర్చు నడ్డి విరుస్తుంది. మన నాటు ఆవులకూ పిడుదులు పడతాయి. కానీ ఎండను, పిడుదుల వల్ల వచ్చే జ్వరాలను అవి మెరుగ్గా తట్టుకుంటాయి. ఇది పశువైద్య శాస్త్రం ఒప్పుకున్న సంగతే. అందుకే చెబుతున్నాను. నీళ్లున్న చోట పాల లెక్క వేయండి. నీళ్లు లేని చోట చెడ్డ ఏడాది లెక్క వేయండి.

ఇంకొక మాట. నాటు ఆవును సమర్థించేవారు కొందరు దాని పాలలో ఏ2 అనే ప్రోటీన్ ఉందని, అది ఎన్నో రోగాలను పోగొడుతుందని చెబుతుంటారు. ఆ పేరుతో నగరాల్లో పాలు, నెయ్యి ఎక్కువ ధరకు అమ్ముడవుతున్నాయి కూడా. నాటు ఆవు పాలలో ఆ రకం ప్రోటీన్ ఎక్కువన్నది నిజం. కానీ దానివల్ల ఆరోగ్యానికి ఇంత మేలు, అంత మేలు అని గట్టిగా చెప్పడానికి ఆధారాలు ఇంకా చాలవు. కనుక నా వాదనను దాని మీద నిలబెట్టను. మీరూ నిలబెట్టకండి. అతిశయోక్తి మీద కట్టిన ధర ఒకనాటికి కూలుతుంది. అది కూలినప్పుడు ఆవు కూడా వీధిన పడుతుంది. నాటు ఆవు విలువ చెప్పడానికి మాయ మందుల మాటలు అక్కర్లేదు. ఎండకు ఓర్చడం, తక్కువ మేతతో నెగ్గుకురావడం, పేడ, మూత్రం, దుక్కి బలం. ఇవి కళ్లకు కనిపించే గుణాలు. ఇవి చాలు.

మరో అభ్యంతరం ఉంది. జాతిని కాపాడటం ప్రభుత్వం పని, శాస్త్రవేత్తల పని, రైతు దాని కోసం నష్టపోవడం ఎందుకు అని అడుగుతారు. గుంటూరు దగ్గర లాంలో, ప్రకాశం జిల్లా చదలవాడలో ఒంగోలు పశువుల క్షేత్రాలు ఉన్నాయి. నెల్లూరు జిల్లా చింతలదేవిలో దేశవాళీ పశువుల జాతీయ కేంద్రం ఉంది. హర్యానాలోని కర్నాల్‌లో పశు జన్యు వనరుల జాతీయ సంస్థ పనిచేస్తోంది. వీర్యాన్ని గడ్డకట్టించి దశాబ్దాలు దాచవచ్చు. ఇవన్నీ ఉండాల్సినవే. కానీ ఇవి మాత్రమే చాలవు. ఎందుకు? వీర్యపు గొట్టంలో రక్తం ఉంటుంది, తెలివి ఉండదు. ఏ దూడను ఎంచాలి, ఎండాకాలం ఏ ఆకు కోసి వేయాలి, మందను ఏ దారిన తోలాలి అనే తెలివి పెంచేవాళ్ల దగ్గర ఉంటుంది. ఇంకోటి. వేళకు దాణా, వేళకు నీళ్లు, నెత్తిన కప్పు ఉన్న క్షేత్రంలో తరాల తరబడి పెరిగిన పశువుకు కరువు వడపోత ఉండదు. ఏ గుణం కోసం మనం ఆ జాతిని కోరుకుంటున్నామో ఆ గుణమే మెల్లగా సడలిపోతుంది. గొర్రెల విషయంలో అయితే కృత్రిమ గర్భధారణ మన పల్లెల్లో దాదాపు లేదు. అక్కడ జాతి భవిష్యత్తు అంతా మందలో తిరిగే పొట్టేలు మీదే ఉంది.

ఒంగోలు జాతి బ్రెజిల్‌లో కోట్లలో ఉంది కదా, మనకు బెంగ ఎందుకు అని కూడా అంటారు. ఉంది. 19వ శతాబ్దం నుంచే మన పశువులు ఓడలెక్కి వెళ్లాయి. అక్కడ వాటిని నెలోర్ అంటారు. 1960ల మొదట్లో వెళ్లిన ఆబోతుల్లో ఒకదానికి ఒంగోలు పక్కనున్న కరవది గ్రామం పేరే పెట్టారు. ఆ దేశంలో నెలోర్ వంశాలకు అది మూలపురుషుల్లో ఒకటైంది. నెలోర్ జాతికి చెందిన వియాటినా-19 అనే ఆవు ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవుగా గిన్నిస్ రికార్డుకెక్కింది. దీన్ని విని మనం గర్విస్తాం. గర్వంతో పాటు పాఠం కూడా నేర్చుకోవాలి. వాళ్లు ఆ జాతికి ఒక పని ఇచ్చారు. వేడి దేశంలో పచ్చిక మేసి మాంసం ఇచ్చే పని. దాంతో పాటు ప్రతి పశువు బరువు, పుట్టుక, వంశం రాసిపెట్టుకున్నారు. పని, పుస్తకం. ఈ రెండూ దొరికిన చోట మన జాతి సముద్రం అవతల వర్ధిల్లింది. ఈ రెండూ కరువైన చోట పుట్టిన గడ్డ మీదే చిక్కిపోయింది. అయితే అక్కడి నెలోర్ ఇక్కడి ఒంగోలుకు బదులు కాదు. దాన్ని ఎన్నో తరాలుగా మాంసం కోసం ఎంచారు. మన నాగలికి, మన పాలకు, మన చొప్పకు అలవాటు పడ్డ వంశాలు ఇక్కడే ఉన్నాయి. ఇక్కడే ఉండాలి.

వేడుకల వల్ల జాతులు నిలుస్తాయి కదా అనేవారూ ఉన్నారు. సంక్రాంతికి, తిరునాళ్లకు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బండలాగుడు పోటీలు జరుగుతాయి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వయసును బట్టి విభాగాలు పెట్టి గిత్తలను దించుతారు. ఆ పోటీలు ఒంగోలు గిత్త మీద మోజును బతికించాయి. వాటిని తీసిపారేయలేం. కానీ పోటీ గిత్తను మేపడం చిన్న రైతు తాహతుకు మించిన పని. ఇటు చిత్తూరు సీమలో పుంగనూరు ఆవును చూడండి. పొట్టి ఆవు. తక్కువ మేతతో చిక్కటి పాలు ఇచ్చే ఆవు. ఒకప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టే స్థితికి చేరి, పలమనేరు పరిశోధన క్షేత్రం పుణ్యమా అని నిలిచింది. ఇప్పుడు దానికి గొప్ప గిరాకీ వచ్చింది. నగరాల్లో ఇంటి ముందు కట్టుకోవడానికి లక్షలు పోసి కొంటున్నారు. గిరాకీ రావడం మంచిదే. కానీ కొనేవాళ్లు పొట్టితనం ఒక్కటే అడిగితే, పెంచేవాళ్లు పొట్టితనం ఒక్కటే ఎంచుతారు. పాలు, ఓర్పు, పని వెనక్కి పోతాయి. ధర పెరిగేసరికి ఆ ఆవు పుట్టిన ఊరి చిన్న రైతే దాన్ని కొనలేని పరిస్థితి వస్తుంది. మోజు ఒక ఊపు ఇస్తుంది. పని మాత్రమే నిలకడ ఇస్తుంది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి మిగిలింది. కాపరి కొడుకు చదువుకుని ఉద్యోగం చేయకూడదా? జాతి నిలవాలని చెప్పి అతన్ని ఎండలో మంద వెంట నడవమనడం న్యాయమా? న్యాయం కాదు. ఎవరి పేదరికం మీదా ఏ జాతినీ కాపాడకూడదు. ఇది గట్టిగా చెప్పాలి. నల్ల గొర్రె వల్ల మేలు కాపరికి ఒక్కడికే కాదు. రేపు ఎండలు మరింత ముదిరితే, వానలు మరింత అదను తప్పితే, ఆ ఓర్పు గుణం దేశమంతటికీ కావాలి. మేలు అందరిదీ అయినప్పుడు ఖర్చు ఒక్కరిదే కాకూడదు. 2007లో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో చాలా దేశాలు కూర్చుని పశు జాతుల రక్షణకు ప్రపంచ కార్యాచరణ ప్రణాళికను ఒప్పుకున్నాయి. ఆ ఒప్పందానికి పల్లెలో అర్థం ఏమిటి? మేలు జాతి నల్ల పొట్టేలును మందలో ఉంచుకున్న కాపరికి దాని మేత ఖర్చు ఇవ్వాలి. మంచి ఒంగోలు ఆబోతును సాకే రైతుకు ఏటా సాయం అందాలి. ఇది దానం కాదు. వాళ్లు చేస్తున్న ఉమ్మడి పనికి కూలి.

ఇక మనం చేయగలిగినవి. మొదట కాపరులకు. అన్నల్లారా, అక్కల్లారా, మీ దగ్గర నల్ల గొర్రెలు మిగిలి ఉంటే మందలో కనీసం కొంత భాగానికి నల్ల పొట్టేలునే ఉంచండి. ఒకే పొట్టేలును ఏళ్ల తరబడి ఉంచితే దాని బిడ్డలకే అది మళ్లీ దాటుతుంది. దగ్గర రక్తం కలిసి పిల్లలు బలహీనపడతాయి. అందుకే రెండేళ్లకోసారి పక్క ఊరి మందతో పొట్టేలును మార్చుకోండి. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎన్ని పుట్టాయి, ఎన్ని చచ్చాయి, మందులకు ఎంత అయింది, ఎంతకు అమ్మారు. ఈ నాలుగు మాటలు రాస్తే చాలు. సంతలో బేరగాడు ఎత్తు చూసి ధర కడతాడు. కాటా మీద తూచి అమ్మండి. అప్పుడు పొట్టి గొర్రె పెంపకందారుకు కూడా న్యాయమైన ధర వస్తుంది.

తర్వాత రైతులకు. పత్తి, మిరప చేలో మొక్క ఎదిగాక సాళ్ల మధ్య కలుపు తీయడానికి గుంటక తోలాలి. అక్కడ ఇప్పటికీ ఎడ్ల జత పని ఉంది. నల్లమల అంచున అమ్రాబాద్ వైపు పెరిగే పొడ తూర్పు ఎడ్లకు రాతి నేలల రైతుల్లో ఇంకా గిరాకీ ఉందంటే కారణం ఇదే. జత కొనలేని నలుగురు చిన్న రైతులు కలిసి ఒక జతను ఉంచుకోవచ్చు, కిరాయికి తోలుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి ప్రకృతి సేద్యం విస్తరిస్తోంది. ఆ సేద్యంలో వాడే జీవామృతానికి నాటు ఆవు పేడ, మూత్రం అడుగుతున్నారు. పాలు ఇవ్వని రోజుల్లో కూడా ఆవుకు అదొక పని. మేత కోసం గట్ల మీద అవిశ, పొలంలో ఒక మూల పచ్చి జొన్న వేసుకోండి. గొర్రెల మంద కట్టించుకుని తగిన ప్రతిఫలం ఇవ్వండి. పంచాయతీ పెద్దలకు ఒక మనవి. బీళ్లు, పోరంబోకు భూములు మాయమైతే ఏ జాతీ నిలవదు. మేత భూమిని కాపాడటమే పశువును కాపాడటం.

పట్నంలో ఉన్న శ్రోతలకు కూడా ఒక మాట. మీరు కొనేదాన్ని బట్టే పల్లెలో జాతి నిలుస్తుంది. చలికాలానికి ఒక కంబళి కొనేటప్పుడు దక్కనీ ఉన్ని గొంగడి అడగండి. ఆ ఉన్నితో నేల చాపలు, సంచులు చేసే చిన్న సంఘాలు అక్కడక్కడ పుడుతున్నాయి, వాటికి అండగా నిలవండి. ఉన్నికి మళ్లీ ధర వస్తే నల్ల గొర్రెకు పోయిన పని తిరిగొస్తుంది. మెట్టలో తిరిగి మేసిన గొర్రె మాంసం ఇది అని చెప్పి అమ్మేవాడికి నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వండి.

చెప్పినదంతా మూడు మాటల్లో మళ్లీ చెబుతాను. మొదటిది, పశువుకు విలువ కట్టేటప్పుడు చెడ్డ ఏడాది లెక్క వేయండి. రెండోది, పని పోతే జాతి పోతుంది, కనుక ఉన్నికీ, ఎరువుకీ, ఎద్దు బలానికీ మళ్లీ పని వెతకండి. మూడోది, జాతిని కాపాడే ఖర్చును పేద పెంపకందారు ఒక్కరి నెత్తిన వేయకండి. దక్కనీ గొర్రె ఇంకా ఉంది. ఒంగోలు ఆవు ఇంకా ఉంది. వాటిని పెంచడం తెలిసిన మనుషులు ఇంకా ఉన్నారు. వచ్చే ఈతకు మీ మందలో ఏ పొట్టేలును ఉంచాలో, మీ ఆవుకు ఏ వీర్యం వేయించాలో మీరే నిర్ణయిస్తారు. పశువైద్యశాలకు వెళ్లినప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి. మా నేలకు, మా మేతకు, మా నీళ్లకు సరిపోయే జాతి ఏది? జవాబు తెలుసుకున్నాకే సరేననండి.